ఠాణా ఎవరికి జవాబు చెప్పాలి?

ఒక ఊరిలో పోలీసు వ్యవస్థ ఎంత గట్టిగా ఉన్నదో తెలుసుకొనుటకు లాఠీలనూ తుపాకులనూ జీపులనూ లెక్కించవలసిన పని లేదు. ఇంట్లో దొంగతనం జరిగిన మనిషి ఠాణా మెట్లు ఎక్కే ముందు ఎంతసేపు తటపటాయిస్తాడో చూస్తే చాలు. తోడు కొరకు ఒక పెద్దమనిషిని వెదుక్కొంటాడా, లేక పోస్టాఫీసుకు వెళ్లినట్లు తానొక్కడే వెళ్లి తన మాట చెప్పుకొని వస్తాడా అన్న దానిలోనే ఆ ఊరి పోలీసుల బలమూ బలహీనతా బయటపడతాయి. ఉర్దూలో ఈ నమ్మకాన్ని భరోసా అంటారు. తెలుగులో విశ్వాసం అంటాము. ఏ భాషలో చెప్పినా అది ఆజ్ఞాపిస్తే పుట్టేది కాదు.

ఈ విశ్వాసం ఎక్కడి నుండి వస్తుంది? మంచి అధికారి వస్తే అదే వస్తుందని మనలో చాలమంది అభిప్రాయం. మంచి అధికారి విలువను మేము తక్కువ చేయుట లేదు. కాని అధికారి బదిలీ అయిన నాడు ఆ విశ్వాసం కూడా బదిలీ అయిపోతే అది ఆ ఊరి సొత్తు కాదు, ఆయన వెంట వచ్చి ఆయన వెంటనే వెళ్లిన సామాను మాత్రమే. పోలీసులు ఏ పనికి ముందు చోటు ఇవ్వాలి అన్న విషయంలో స్థానిక ప్రజలకు మాట చెప్పే హక్కు, ఆ మాటకు తిరిగి జవాబు వినే హక్కు రెండూ ఉన్నప్పుడే విశ్వాసం నిలుస్తుందని ఈ వ్యాసంలో మేము నిరూపింపదలచినాము.

ప్రాథమ్యాలు అనగా నేమి?

పోలీసు స్టేషనులో పని ఎంతైనా ఉంటుంది, మనుషులు కొద్దిమందే ఉంటారు. మన దేశంలో లక్ష జనాభాకు సుమారు 195 మంది పోలీసులు మంజూరై ఉండగా, ఇటీవలి సంవత్సరాల కేంద్ర ప్రభుత్వ గణాంకాల ప్రకారం వాస్తవంగా పనిలో ఉన్నవారు సుమారు 155 మంది. వారిలో కొందరు కోర్టు పనికి, కొందరు మంత్రుల రాకపోకల బందోబస్తుకు, కొందరు పండుగల ఊరేగింపులకు వెళ్లగా మిగిలిన వారితో ఇన్‌స్పెక్టరు ప్రతి ఉదయం ఒక నిర్ణయం చేయవలసి ఉంటుంది. చలానాలు వ్రాయించాలా, గంజాయి అమ్మేవాని జాడ తీయాలా? అధిక వడ్డీ కొరకు ఇంటి మీదికి వచ్చి కూర్చొనే వడ్డీ వ్యాపారి సంగతి చూడాలా, లేక కాలేజీ విడిచే వేళ బస్టాపు వద్ద ఆడపిల్లలను వేధించే వారిని కనిపెట్టాలా? అన్నీ ఒక్కసారి చేయుట సాధ్యం కాదు. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుటనే ప్రాథమ్యాల నిర్ణయం అంటారు.

ఈ నిర్ణయం పైకి చిన్నదిగా కనబడుతుంది. కాని ఒక బస్తీ వారికి పోలీసు అంటే ఎవరు అన్నది దీనితోనే తేలిపోతుంది. హైదరాబాదు పాతబస్తీలో రాత్రివేళ అరుగుల మీద కబుర్లు చెప్పుకొనే యువకులను ‘చబుత్రా’ అనే పేరుతో పోలీసులు ఠాణాకు తీసుకొనిపోయి, తల్లిదండ్రులను పిలిపించి, హితవు చెప్పి పంపిన కార్యక్రమం పాఠకులకు తెలిసినదే. అదే నగరంలో 2014 అక్టోబరు 24న ‘షీ టీములు’ ప్రారంభమైనవి. మఫ్టీలో ఉండే పోలీసులు స్త్రీలను వేధించే వారిని పట్టుకొనుట వాటి పని. రెండూ పోలీసులు ఎంచుకొన్న ప్రాథమ్యాలే. రెండవ దానిలో ప్రజలు తమ బాధకు పలికిన జవాబును చూచుకోగలరు. మొదటి దానిలో కొందరు తల్లిదండ్రులు మేలును చూడవచ్చును. ఏ నేరమూ చేయకుండ ఠాణాకు చేరిన కుర్రవాడు మాత్రం అవమానాన్నే చూస్తాడు. ఏది తప్పు, ఏది ఒప్పు అని మేము ఇచట తీర్పు చెప్పుట లేదు. ఇటువంటి పని తలపెట్టే ముందు ఆ ముహల్లా వారిని అడిగే ఏర్పాటు, పని ముగిసిన తర్వాత ఫలితమేమిటో వారికి చెప్పే ఏర్పాటు చట్టంలో ఉన్నదా అన్నదే మా ప్రశ్న.

రెండు మూసలు

ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే రెండు వందల సంవత్సరాలు వెనుకకు పోవలసి ఉంటుంది. 1829లో రాబర్ట్ పీల్ లండను నగరానికి కొత్త పోలీసు దళాన్ని ఏర్పరచినాడు. ఆ దళం హోం మంత్రికి లోబడి ఉండేది. కాని 1835 నాటి మునిసిపల్ చట్టం ఇంగ్లండులోని ఇతర పట్టణాలకు వేరొక మార్గం చూపినది. పట్టణ కౌన్సిలు సభ్యులతో వాచ్ కమిటీ అనే సంఘం ఏర్పడి, కానిస్టేబుళ్లను నియమించుట, తొలగించుట, వారి పనిని కనిపెట్టుట తన చేతిలో ఉంచుకొన్నది. అంటే పట్టణ పోలీసు ఆ పట్టణానికే జవాబుదారీగా ఉండెను.

అదే ప్రభుత్వం ఐర్లండుకు మాత్రం ఈ పద్ధతిని తగినదిగా భావించలేదు. ఐర్లండు వారు పాలితులు. అక్కడ 1836లో దేశమంతటికీ ఒకే దళంగా సంఘటితమైన ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ ఆయుధాలు ధరించి, బారకులలో నివసించి, డబ్లిన్‌లోని కేంద్ర పాలనకు జవాబు చెప్పేది. సొంత జిల్లా వానిని ఆ జిల్లాలోనే ఉంచకూడదన్నది దాని నియమాలలో ఒకటి. పోలీసువాడు ప్రజలలో కలసిపోకూడదు, వారిపై ఒక కన్ను వేసి ఉంచాలి అన్నదే దాని తాత్పర్యం.

భారతదేశానికి వచ్చినది ఈ రెండవ మూస. 1843లో సింధును ఆక్రమించిన చార్లెస్ నేపియర్ అక్కడ ఐరిష్ నమూనాలో పోలీసు దళాన్ని నెలకొల్పినాడు. 1857 తిరుగుబాటు తర్వాత, 1860లో కూర్చొన్న పోలీసు కమిషను సిఫారసులను అనుసరించి 1861 పోలీసు చట్టం వచ్చినది. దాని ప్రకారం పోలీసు దళంపై పర్యవేక్షణ ప్రభుత్వానిది. జిల్లాలో పోలీసు పాలన జిల్లా మేజిస్ట్రేటు సాధారణ నియంత్రణకు, ఆదేశాలకు లోబడి నడవాలి. చట్టమంతా చదివినా పోలీసులు ఊరి ప్రజలకు జవాబు చెప్పవలెనన్న మాట కనబడదు. జవాబుదారీ అంతా పైకే పోతుంది.

హైదరాబాదు సంస్థానంలో ఈ చట్టం నేరుగా రాలేదు గాని అక్కడి పద్ధతి కూడ పైకి చూచేదే. నగరంలో శాంతిభద్రతల అధికారి కొత్వాలు. 1920 నుండి 1934 వరకు ఆ పదవిలో ఉన్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారి పేరు తెలుగువారిలోనూ ఉర్దూ వారిలోనూ నేటికీ గౌరవంగా వినబడుతుంది. ఆయన మీద జనానికి కుదిరిన భరోసా మత భేదం ఎరుగదు. కాని ఆయన జవాబు చెప్పవలసినది నిజాము ప్రభువుకే గాని నగర ప్రజలకు కాదు. ప్రజల విశ్వాసం ఆయన శీలం మీద ఆధారపడినదే గాని కొత్వాలీ నిర్మాణం మీద కాదు. సంస్థానం పోయిన తర్వాత కూడ 1348 ఫస్లీ నాటి హైదరాబాదు నగర పోలీసు చట్టం మిగిలి, దాని క్రింద ఈనాటికీ నిషేధాజ్ఞలు జారీ అవుతున్నవి. సర్కారు మారినా ఠాణా ముఖం తిరిగి ఉన్న దిక్కు మారలేదనుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

పర్యవేక్షణకు హద్దు

స్థానిక పర్యవేక్షణ అనగానే సందేహించేవారు ఉన్నారు. ఊరి కౌన్సిలరు చేతిలో పోలీసును పెడితే అతడు తన శత్రువులను పట్టించి, మిత్రులను విడిపించడా అని వారి ప్రశ్న. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. ఇంగ్లండులోనే దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ కలదు. 1959లో నాటింగ్‌హామ్ పట్టణ చీఫ్ కానిస్టేబుల్ పాప్కెస్ కొందరు కౌన్సిలు సభ్యులపై వచ్చిన అవినీతి ఆరోపణలను విచారింపజేసినాడు. ఆ విచారణ వివరాలు తమ ముందు పెట్టమని వాచ్ కమిటీ అడిగినది. ఆయన నిరాకరించగా సస్పెండు చేసినది. హోం మంత్రి జోక్యం చేసికొని ఆయనను తిరిగి పదవిలో నిలిపినాడు. ఇటువంటి వివాదాల ఫలితంగా 1960లో రాయల్ కమిషను ఏర్పడినది. 1964 చట్టం అధికారాన్ని హోం మంత్రి, చీఫ్ కానిస్టేబుల్, స్థానిక పోలీసు అథారిటీ అనే ముగ్గురి మధ్య పంచినది.

దీని నుండి ఒక స్పష్టమైన గీత గీయవచ్చును. ఫలానా కేసులో ఎవరిని పట్టుకోవాలి, ఎవరిని విడిచిపెట్టాలి, ఎవరిపై అభియోగం మోపాలి అన్నది చట్టానికి, సాక్ష్యానికి సంబంధించినది; అందులో ఏ కమిటీకి గాని, ఏ నాయకునికి గాని చోటు లేదు. ఏ రకం నేరాలపై ఎంత శ్రద్ధ పెట్టాలి, గస్తీ ఏ వీథిలో ఏ వేళ తిరగాలి, సోదాలు చేసే తీరు ఎట్లుండాలి, చెప్పిన పని జరిగినదా లేదా అన్నవి మాత్రం ప్రజలు అడగదగిన ప్రశ్నలు. మన దేశంలో ఈ వ్యవహారం తలక్రిందులుగా ఉన్నది. కేసులలో సిఫారసు చేయుటకు నాయకులకు దారి సులభం. గస్తీ గురించి అడుగుటకు పౌరునికి దారి కనబడదు.

అడగకుండ చేసిన పని

అడగకుండ చేసే పోలీసు పని ఎటు దారితీస్తుందో 1981లో లండనులోని బ్రిక్స్‌టన్ ప్రపంచానికి చూపినది. వెస్టిండీస్ నుండి వచ్చి స్థిరపడిన నల్లజాతి కుటుంబాలు అధికంగా గల ప్రాంతమది. వీథి దోపిడీలు పెరిగిన మాట నిజం. వాటిని అరికట్టుటకు ఏప్రిల్ నెలలో ‘స్వాంప్ 81’ అనే పేరుతో మఫ్టీ పోలీసులను దింపారు. కొద్ది రోజులలో 943 మందిని ఆపి సోదా చేశారు. అరెస్టు అయినవారు 118 మంది. ఆపబడిన వారిలో సగానికి పైగా నల్లజాతి వారు, అధిక సంఖ్యాకులు ఇరవై ఒక్క ఏండ్ల లోపు యువకులు. ఏప్రిల్ 10న మొదలైన అల్లర్లు మూడు రోజులు సాగినవి. ఇండ్లు, వాహనాలు తగులబడినవి. వందల కొలది పోలీసులు గాయపడినారు.

విచారణ జరిపిన లార్డ్ స్కార్‌మన్ అదే సంవత్సరం నవంబరులో నివేదిక ఇచ్చినాడు. ఆయన అల్లరి మూకలను సమర్థించలేదు, నేరం లేదనలేదు. స్థానికులతో సంప్రదింపు లేకుండ తలపెట్టిన ఆ చర్య వివేకం లేనిదని చెప్పినాడు. పోలీసులకూ ప్రజలకూ మధ్య మాటామంతీ నడిచే ఏర్పాటు చట్టబద్ధం కావాలని కోరినాడు. 1984 చట్టంలో ప్రతి ప్రాంతంలోనూ పోలీసు పని గురించి ప్రజాభిప్రాయం తెలుసుకొనే ఏర్పాటు ఉండాలన్న నిబంధన చేరినది. 943 మందిని ఆపినప్పుడు వారిలో ఎనిమిది వందల మందికి పైగా ఏ కారణంతోనూ అరెస్టు కాకుండ ఇంటికి వెళ్లారు. ఒక్కొక్కరి వెనుక ఒక తల్లి, ఒక తండ్రి, ఇరుగు పొరుగు ఉంటారు. వారి కోపం ఏ పోలీసు లెక్కలోనూ చేరదు. మరునాడు దొంగ జాడ చెప్పవలసిన వారు మాత్రం వారే.

ఓటు ఒక్కటే చాలదు

అట్లయిన పర్యవేక్షకుని ప్రజలే ఎన్నుకొంటే సరిపోదా? ఇంగ్లండు, వేల్సులు ఆ ప్రయోగం కూడ చేసినవి. 2011 చట్టం పాత పోలీసు అథారిటీలను తీసివేసి, లండను వంటి కొన్ని చోట్ల తప్ప ప్రతి పోలీసు ప్రాంతానికి ఒక ఎన్నికైన కమిషనరును ఇచ్చినది. ప్రాంతపు పోలీసు ప్రాథమ్యాల పత్రం వ్రాయుట, బడ్జెటు నిర్ణయించుట, చీఫ్ కానిస్టేబులును నియమించుట అతని పనులు. 2012 నవంబరు 15న జరిగిన తొలి ఎన్నికలలో ఓటు వేసినవారు నూటికి సుమారు పదిహేను మంది. కమిషనరు పేరైనా తెలియని ఓటర్లే ఎక్కువ. చివరకు 2025 నవంబరులో ఈ పదవులను 2028లో వాటి గడువు తీరగానే రద్దు చేయనున్నట్లు ప్రభుత్వం ప్రకటించినది.

ఈ అనుభవం స్థానిక పర్యవేక్షణ అక్కరలేదని చెప్పుట లేదు. నాలుగేండ్లకు ఒకసారి వేసే ఓటు, లక్షల జనాభాకు ఒక్క మనిషి, అది కూడ పార్టీ టికెట్టు మీద నిలిచిన మనిషి అయినప్పుడు వీథి మాట అతని వరకు చేరదని మాత్రం చెప్పుచున్నది.

ఐర్లండు నేర్పిన పాఠం

మన పోలీసు వ్యవస్థకు మూస ఇచ్చిన ఐర్లండే దానిని మార్చుకొనుట ఎట్లో కూడ చూపినది. బ్రిటిషు పాలనలో మిగిలిన ఉత్తర ఐర్లండులో కాథలిక్కులు అల్పసంఖ్యాకులు. జనాభాలో వారి వంతు నూటికి నలభైకి పైబడినా, 1990 దశకం చివర పోలీసు దళంలో సుమారు ఎనిమిది మాత్రమే. వారి దృష్టిలో పోలీసు అవతలి పక్షం మనిషి. మూడు దశాబ్దాల హింస తర్వాత 1998లో శాంతి ఒప్పందం కుదిరినప్పుడు, పోలీసు సమస్యను తేల్చకుండ శాంతి నిలువదని ఇరుపక్షాలూ గుర్తించినవి. క్రిస్ పాటెన్ అధ్యక్షతన ఏర్పడిన కమిషను 1999లో నివేదిక ఇచ్చినది.

దాని ఫలితంగా 2001లో దళం పేరు, చిహ్నం మారినవి. పది సంవత్సరాలపాటు కొత్త ఉద్యోగాలలో సగం కాథలిక్కులకు, సగం ఇతరులకు ఇచ్చారు. కాథలిక్కుల వంతు నూటికి ముప్పై వరకు పెరిగినది. పోలీసులపై ఫిర్యాదులను పోలీసులే విచారించే పద్ధతి పోయి స్వతంత్ర అంబుడ్స్‌మన్ వచ్చినాడు. పంతొమ్మిది మంది సభ్యులతో పోలీసింగ్ బోర్డు ఏర్పడినది. శాసనసభలోని పార్టీల వారు పదిమంది, ఏ పార్టీకి చెందని పౌరులు తొమ్మిదిమంది అందులో ఉంటారు. ఈ బోర్డు బహిరంగంగా కూర్చొని చీఫ్ కానిస్టేబులును ప్రశ్నిస్తుంది. పోలీసు పని ప్రణాళికను ఆమోదిస్తుంది. దాని క్రింద జిల్లా స్థాయిలో స్థానిక సంఘాలు పని చేస్తాయి. చాలకాలం దూరంగా ఉన్న షిన్ ఫేన్ పార్టీ 2007లో పోలీసు వ్యవస్థను అంగీకరించి బోర్డులో తన స్థానాలను స్వీకరించినది. అక్కడ అన్ని సమస్యలూ తీరినవని మేము అనుట లేదు. కాథలిక్కుల వంతు ముప్పై దాటిన తర్వాత పెద్దగా పెరగలేదు. అయినను ఒకనాడు పోలీసును శత్రువుగా చూచిన వారు నేడు అదే బల్ల ముందు కూర్చొని ఆ పోలీసును లెక్క అడుగుచున్నారు. అల్పసంఖ్యాకులు శాశ్వతంగా సందేహపు చూపుకు గురి కానక్కరలేదని ఈ చరిత్ర తెలుపుచున్నది.

మన దేశంలో జరిగినదేమి?

మన దేశంలో ఈ ఆలోచన లేకపోలేదు. 1977లో ధరమ్‌వీర అధ్యక్షతన ఏర్పడిన జాతీయ పోలీసు కమిషను 1981 నాటికి ఎనిమిది నివేదికలు సమర్పించినది. అవి చాలకాలం బీరువాలలో ఉండిపోయినవి. రిటైరైన ఇద్దరు పోలీసు ఉన్నతాధికారులు వేసిన వ్యాజ్యంలో, ప్రకాశ్ సింగ్ కేసుగా పేరుపొందిన దానిలో, 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలు ఇచ్చినది. వాటిలో రెండు మన అంశానికి ముఖ్యం. మొదటిది ప్రతి రాష్ట్రంలో రాష్ట్ర భద్రతా కమిషను. ప్రతిపక్ష నాయకునికి, స్వతంత్ర సభ్యులకు కూడ అందులో చోటు ఉండి, పోలీసు పనికి సాధారణ మార్గదర్శకాలు నిర్ణయించి, పని తీరును సంవత్సరానికొకసారి పరిశీలించి, నివేదికను శాసనసభ ముందు ఉంచాలి. రెండవది పోలీసు ఫిర్యాదుల అథారిటీ. డి.ఎస్.పి. స్థాయి వరకు గల అధికారులపై ఫిర్యాదులను జిల్లా అథారిటీ, ఆపై వారిపై ఫిర్యాదులను రాష్ట్ర అథారిటీ రిటైరైన న్యాయమూర్తుల అధ్యక్షతన విచారించాలి. చాల రాష్ట్రాలు ఈ ఆదేశాలను నీరుగార్చినవి, లేక కాగితం మీదనే నిలిపినవి.

ఇంకొక సంగతి గమనింపదగినది. 1992 నాటి 73, 74వ రాజ్యాంగ సవరణలు పంచాయతీలకు 29 విషయాలను, పురపాలక సంఘాలకు 18 విషయాలను సూచించినవి. వాటిలో వీథి దీపాలు ఉన్నవి, శ్మశానాలు ఉన్నవి. పోలీసు లేదు. వీథిలో దీపం వెలగకపోతే వార్డు సభ్యుని అడగవచ్చును. ఆ చీకటిలో జరిగే దానిని గురించి అడుగుటకు స్థానిక సభ ఏదీ లేదు. అయితే 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషనులో కెమెరాలు పెట్టాలని ఆదేశిస్తూ, వాటిని కనిపెట్టే జిల్లా సంఘంలో కలెక్టరు, ఎస్.పి.లతో పాటు మేయరుకు గాని జిల్లా పరిషత్తు అధ్యక్షునికి గాని చోటు ఇచ్చినది. ఠాణా లోపలి వ్యవహారంలో ఎన్నికైన స్థానిక ప్రతినిధికి లభించిన ఈ చిన్న చోటు గురించి మన ప్రజాప్రతినిధులలోనే ఎందరికి తెలుసునో సందేహమే.

చట్టం తోడు లేకున్నా పట్టుదలతో సాధించిన ఉదాహరణ మహారాష్ట్రలోని భివాండీ. మరమగ్గాల పట్టణమది, 1970లోనూ 1984లోనూ ఘోరమైన మతకలహాలు చూచినది. 1988లో అక్కడికి వచ్చిన పోలీసు అధికారి సురేశ్ ఖోప్డే ముహల్లా కమిటీలను నిర్మించినాడు. నాయకులనూ పేరుగలవారినీ కాక ఇరు మతాల సామాన్య జనాన్ని చేర్చి, బీటు పోలీసులతో కలిపి, క్రమం తప్పక కూర్చోబెట్టినాడు. వారి మధ్య నడిచిన సంభాషణ మతకలహాల గురించి మాత్రమే కాదు. ఇరుగు పొరుగు తగాదాలు, రోజువారీ ఇబ్బందులు కూడ అక్కడికి వచ్చేవి. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలలలో పొరుగున ఉన్న బొంబాయి మండిపోయినప్పుడు భివాండీ ప్రశాంతంగా నిలిచినది. కేరళ ప్రభుత్వం 2008లో ప్రారంభించిన ‘జనమైత్రి’ పథకం ఈ దారిలోనిదే. బీటు అధికారి ఇంటింటికీ వెళ్లి పరిచయం చేసికొనుట, స్టేషను స్థాయిలో పౌరుల సమితి నడుపుట అందులోని ముఖ్యాంశాలు.

శాంతి సంఘం, స్థానిక సంఘం

మన ఊళ్లలో శాంతి సంఘాలు లేవా అని అడగవచ్చును. ఉన్నవి. వినాయక నిమజ్జనానికి, మిలాద్ ఊరేగింపుకు, మొహర్రం పీర్లకు ముందు ఠాణాలో కుర్చీలు వేస్తారు. ఇరుపక్షాల పెద్దలు వస్తారు. టీ త్రాగి, సహకరిస్తామని చెప్పి, ఫొటో దిగి వెళ్తారు. ఈ పని వల్ల మేలు లేదని కాదు. ఎన్నో కలహాలు ఈ కుర్చీల మధ్యనే ఆగిపోయినవి. కాని ఇది పర్యవేక్షణ కాదు. సభ్యులను ఎంపిక చేయువాడు ఇన్‌స్పెక్టరే. మాట్లాడవలసినది పండుగ గురించే. అడిగినదానికి జవాబు వ్రాసి ఇచ్చే ఆచారం లేదు. పైగా ఆడవారు కనబడరు, ఇరవై ఏండ్ల వాడు కనబడడు. ఎవరి గురించి అన్ని జాగ్రత్తలూ తీసికొంటున్నారో ఆ యువకుడే ఆ గదిలో ఉండడు.

నిజమైన స్థానిక సంఘానికి నాలుగు లక్షణాలు ఉండాలని పైన చెప్పిన అనుభవాల నుండి గ్రహింపవచ్చును. మొదటిది, సభ్యుల ఎంపిక ఠాణా చేతిలో మాత్రమే ఉండరాదు. కళాశాలలు, మహిళా పొదుపు సంఘాలు, వార్డు సభలు, మార్కెటు వర్తకులు తమ తమ మనుషులను పంపాలి. రెండవది, అలజడి ఉన్నప్పుడే కాక నెలకొకసారి నిర్ణీత దినాన బహిరంగంగా సమావేశం కావాలి. మూడవది, ఆ ప్రాంతానికి ముఖ్యమైన రెండు మూడు పనులు వ్రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. వచ్చే నెలలో ఏమి జరిగినదో, జరగకపోతే ఎందుకు జరగలేదో పోలీసులు చెప్పాలి. నాలుగవది, విడి కేసుల జోలికి, సిఫారసుల జోలికి సంఘం పోరాదు. ఈ నాలుగింటిలో మూడవదే ప్రాణం వంటిది. అడిగిన పని కాకపోయినా కారణం తెలిసిన మనిషి సహిస్తాడు. జవాబే లేకపోతే మళ్లీ అడుగుట మానివేస్తాడు. చట్టాన్ని ప్రజలు పాటించుటకు శిక్షాభయం కన్న తమ పట్ల జరిగిన వ్యవహారం న్యాయమైనదన్న నమ్మకమే ఎక్కువగా పని చేస్తుందని అమెరికాలో టామ్ టైలర్ అనే ఆచార్యుడు 1990లో ప్రచురించిన గ్రంథంలో పరిశోధన పూర్వకంగా చూపినాడు.

ఇందులో ప్రజల బాధ్యత కూడ లేకపోలేదు. సాక్ష్యం చెప్పమంటే తప్పుకొని, ఫిర్యాదు వ్రాసి ఇమ్మంటే వెనుదీసి, పోలీసులు ఏమీ చేయరని నిందించుట న్యాయం కాదు. చట్టం ఇచ్చిన హక్కులను తెలుసుకొనుట మొదటి మెట్టు. నేర సమాచారం ఇచ్చిన వానికి ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితంగా ఇవ్వాలన్నది పాత చట్టంలోనూ ఉన్నది, 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త సంహితలోనూ ఉన్నది. నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా, వెళ్లిన స్టేషనులోనే సమాచారాన్ని నమోదు చేయించుకొనే వీలు కొత్త సంహిత కల్పించినది. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద పది రూపాయల రుసుముతో, తమ స్టేషనులో ఎందరు పని చేస్తున్నారు, గస్తీ ఏర్పాట్లు ఏమిటి, గత సంవత్సరం ఏ రకం కేసులు ఎన్ని నమోదైనవి అని ఎవరైనా అడగవచ్చును.

మా కళాశాల విద్యార్థులకు, పాలక సంఘం పెద్దలకు మేము చేయదలచిన మనవి ఒక్కటే. ఉర్దూ మాట్లాడే బస్తీకీ తెలుగు మాట్లాడే బస్తీకీ మధ్య నిలిచిన విద్యాసంస్థ మనది. సాయంకాలం మన ద్వారం విడిచి వెళ్లే ఆడపిల్లకు బస్టాపు వద్ద ఏ భయం ఉన్నదో, రాత్రి ట్యూషను ముగించి ఇంటికి పోయే కుర్రవానిని కూడలి వద్ద ఎన్నిసార్లు ఆపుచున్నారో మన విద్యార్థులకే తెలుసు. ఆ రెండు విషయాలను ఒకే కాగితం మీద, ఒకే మర్యాదతో వ్రాసి, ఒక విద్యార్థినిని, ఒక విద్యార్థిని, ఒక అధ్యాపకుని ఎంపిక చేసి ఠాణాకు పంపవచ్చును. వచ్చే నెల మొదటి వారంలో జవాబు కొరకు మళ్లీ వస్తామని ఆ కాగితం చివర వ్రాయవలెను. ఆ తేదీన తప్పక వెళ్లవలెను.